జంటకవులు – నలుగురు గాయకులు

మా పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములు ఒకప్పుడు కవిపండితుల రాకపోకలతో కళకళలాడినవి. తిరుపతి వేంకటకవులు ఈ సీమకు వచ్చి, తమ రాజదర్శనములను 'నానారాజ సందర్శనము'న పద్యములలో నిలిపిరి. ఆ గ్రంథమును విద్యార్థుల ముందుంచినప్పుడెల్ల మాకెదురగు ప్రశ్న యొకటే: "అయ్యా, ఏ పద్యము ఎవరిది? ఇద్దరిలో ఎవరు గొప్ప?" పద్యపు సొగసును గూర్చి యడుగువారు అరుదు.

ఈ కుతూహలమును మేము పూర్తిగా తప్పుపట్టము. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) గారలు చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యులు. సహచరుడు గతించిన పిదప దాదాపు ముప్పదియేండ్లు జీవించిన వేంకటశాస్త్రిగారు తమ పద్యకృతులను సైతము జంటపేరుతో ప్రకటించుచు వచ్చిరి. ఇట్టి స్నేహము పాఠకుని హృదయమును లాగుట సహజమే. కాని పద్యమును పాళ్ళు వేసి పంచుట దానిని చదువుట కాదు.

ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరమున వెలసిన 'బీటిల్స్' అను నలుగురు గాయకుల విషయమున ఈ వేడుక వ్యసనముగా ముదిరినది. వారిలో లెన్నన్, మకార్ట్నీ లిరువురును, బృందమునకై ఎవరు కట్టిన పాటనైనను ఇద్దరి పేర్లతోనే వెలువరించిరి. మన జంటకవుల మర్యాదయే! 1970లో బృందము విడిపోయెను. అర్ధశతాబ్ది గడచినను అభిమానులు ఎవరు ఎవరిని చూచి నవ్విరో, ఎవరు మొగము త్రిప్పుకొనిరో వెదకుచునే యున్నారు.

ఇంతవఱకు వినోదమే, అన్యాయము ఇటుపైని కలదు. బృందము చీలుటకు లెన్నన్ భార్యయైన యోకో ఓనోయే కారణమని లోకము నింద వేసెను. నిజమేమి? వ్యవహారకర్తయగు ఎప్‌స్టీన్ 1967లో మరణించెను. 1968లో రింగో, 1969 జనవరిలో హారిసన్ కొన్నినాళ్ళు బృందమును వీడిపోయిరి. పిదప వ్యవహారములు ఎవరికప్పగింపవలెనన్న తగవున ముగ్గురొక వైపును, మకార్ట్నీ యొక వైపును నిలిచిరి. 1970 డిసెంబరులో వ్యాజ్యము వేసినవాడు మకార్ట్నీయే. ఆమె విడగొట్టలేదని 2012లో అతడే చెప్పెను.

ఈ కథ మన యిండ్లకు క్రొత్తదా? అన్నదమ్ములు పొలముకొఱకో, పెత్తనముకొఱకో తగవులాడి వేరుపడుదురు. "కోడలు కాలుపెట్టి కొంప చీల్చినది" అని ఊరనుకొనును. మగవారి స్నేహమును దేవతామూర్తిగా నిలిపినచోట, అది పగిలినప్పుడు నేరము మోయుటకు ఒక స్త్రీ కావలసివచ్చును. అభిమానమునందలి అసలు దోషమిదియే.

అయినను ఈ కుతూహలమునకు సత్ప్రయోజనము లేకపోలేదు. 1969 జనవరినాటి దృశ్యములను కూర్చి పీటర్ జాక్సన్ 2021లో వెలువరించిన 'గెట్ బ్యాక్' చిత్రము దాదాపు ఎనిమిది గంటలు నడచును. అందు మకార్ట్నీ వాద్యమును మీటుచుండగా, ఏమియు లేనిచోట ఒక పాట మొలకెత్తును. సహచరులు మెల్లగా అందుకొందురు. యోకో ప్రక్కనే ఊరక కూర్చుండును. చెలిమి పనిగా మాఱు విధమును చూడగోరువారికి అదియే తగిన ఘట్టము.

ఇకమీదట "ఎవరు గొప్ప?" యని విద్యార్థి యడిగినచో, మేము పద్యమును బిగ్గరగా చదువుమందుము. అతుకు ఎక్కడనో వాని చెవికి పట్టుబడనిచో, ఆ జంట గొప్పతనమునకు వేఱు సాక్ష్యమక్కఱలేదు.