శ్మశానవాటి: విశ్వాసియు, కన్నీరును

దుఃఖించుట విశ్వాసలోపమని యెంచు వాడుక మన క్రైస్తవ గృహములలో పెక్కింట కానవచ్చుచున్నది. పటమటలో గాని, దివిసీమ పల్లెలలో గాని ఒక యింట మరణము సంభవించినచో ఆదరణకూటము జరుగును. కీర్తనలు పాడుదురు, ప్రసంగములు చేయుదురు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యేడ్చినచో, "ప్రభువు సన్నిధికి పోయినవానికై యేడ్వరాదమ్మా" యని వారింతురు. వారి తలంపు మంచిదే. కాని యా మాట దుఃఖమును తీర్చదు సరికదా, దుఃఖించితినన్న సిగ్గును దానికి తోడుచేయును. ఈ వాడుక యోగ్యమగునా యని విచారించువారు గుఱ్ఱము జాషువగారి ‘శ్మశానవాటి’ని మరల చదువుట మేలని మాకు తోచుచున్నది.

జాషువగారు (1895–1971) వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిరి. ‘క్రీస్తుచరిత్ర’ను కావ్యముగా రచించి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి నందిరి. అట్టివారు శ్మశానమును వర్ణించునపుడు పునరుత్థానమును గూర్చి ప్రసంగింతురని చదువరి యెదురుచూచును. వారట్లు చేయలేదు. ఏండ్లెన్ని గడచినను ఇచట కన్నుమూసినవారిలో ఒక్కడును లేచి రాలేదని మొదటనే చెప్పిరి. చీకటిలో క్రొత్త సమాధిపై మినుకుమను వెలుగును చూచి, అది దీపము కాదు, బిడ్డను కోల్పోయిన తల్లి విడిచిపోయిన హృదయమనిరి. ఆ తల్లి పేరు చెప్పలేదు; ఆమెకు హితబోధయు చేయలేదు. ఆ హృదయమును మనకు చూపి తాము ఊరకుండిరి. ఆ యూరకుండుటయే ఈ ఖండికకు ప్రాణమని మా యభిప్రాయము.

ఇది నాస్తికతయని కొందరందురేమో. అట్లైనచో బైబిలునందలి విలాపవాక్యముల గ్రంథమును ఏమనవలెను? అందు 5 అధ్యాయములు కలవు. మొదటి నాల్గును హెబ్రీ భాషలో అక్షరక్రమమున కూర్పబడినవి. ఏడ్పునకు సయితము మొదటి యక్షరము మొదలు కడపటి యక్షరము వరకు చోటు కావలెనని ఆ కూర్పే చెప్పుచున్నట్లున్నది. ఆ దుఃఖమునకు దేవుడు నేరుగా ప్రత్యుత్తరమీయడు. పూర్వము పలికిన యొకమాట స్మరింపబడుట మాత్రమే కలదు. మన బోధకులు తరచుగా మూడవ యధ్యాయపు నడుమనున్న ఆశావాక్యములను ఏరుకొని తక్కినదానిని విడిచిపెట్టుదురు. గ్రంథము ఆ ఆశతో ముగియలేదు, సందేహముతో ముగిసినది.

యోబును ఓదార్ప వచ్చిన మిత్రులు ఏడు దినములు నేలపై అతనితో మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మేలంతయు ఆ 7 దినములలోనే కలదు. నోరు తెరచి కారణములు చెప్పసాగిన పిదప వారు అపరాధులైరి. లాజరును లేపబోవుచున్న యేసే అతని సమాధియొద్ద కన్నీరు కార్చెను. ఏడ్పు అవిశ్వాసమైనచో ఆ కన్నీటికి అర్థమేమి? పౌలు థెస్సలొనీకయులకు నిరీక్షణలేనివారివలె దుఃఖింపవలదని వ్రాసెను గాని, దుఃఖింపనే వలదని వ్రాయలేదు.

‘శ్మశానవాటి’కి మన నాటకశాలలో పట్టిన గతియు విచారింపదగినది. ఈ పద్యములు హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో చేరినవి. క్రైస్తవకవి శోకము హరిశ్చంద్రుని నోట పలుకుట మాకు సంతోషమే. దుఃఖమునకు మతభేదము లేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? కాని నటుడు రాగాలాపనము సాగదీయగా, సభవారు "వన్స్ మోర్" అని కేకలువేయగా, పద్యమందలి నిశ్శబ్దమంతయు కొట్టుకొనిపోవుచున్నది. ఆదరణకూటమున ప్రసంగమెట్లో, ఇచట రాగమట్లు. రెండును దుఃఖితుని యెదుట నిలువజాలక చేయు సందడియే.

మౌనమును మెచ్చుకొనుచున్నామని నోరుమూయించుటను మెచ్చుకొనుట లేదు. ఇచట అస్పృశ్యతకు చోటులేదని జాషువగారు ఆ ఖండికలోనే పలికిరి. అన్యాయమువలన చచ్చినవాని బంధువులను శాంతిపేరిట ఊరకుండుమనుట ఓదార్పు కాదు. దుఃఖితునితో కూర్చుండువాని మౌనము వేరు. దుఃఖితునిపై మోపబడిన మౌనము వేరు.

మన డెల్టా దుఃఖము నెరుగని సీమ కాదు. 1864 నవంబరు 1న మచిలీపట్టణపు ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాదిమంది సముద్రము పాలైరి. అట్టినాడు ఏ ప్రసంగము సరిపోవును? కావున మన కూటములలో ప్రసంగములు తగ్గించి, విలాపవాక్యములలో ఒక యధ్యాయమును తుదివరకు చదువుదురు గాక. చదివిన పిమ్మట కొంతసేపు ఎవరును మాటలాడకుందురు గాక. ఆ తల్లి యేడ్చినచో ఏడ్వనిత్తురు గాక. ఆమె విశ్వాసమును కాపాడవలసిన భారము మనది కాదు. ఆమెతో కూర్చుండుట మాత్రమే మనది.