కార్పెట్ కింది పనితనం

కాంటెస్సా కారు కింద వెల్లకిలా పడుకుని చూస్తేగానీ మంచి వెల్డర్ విలువ తెలియదు. శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే దారిలో ఒక షెడ్డులో నేను చూసిన బండి రెండు పనులకూ పనికి రావాలి. మామూలు రోజుల్లో రోడ్డు మీద తిరగాలి, డ్రాగ్ పోటీ వచ్చినప్పుడు పావు మైలు దూసుకుపోవాలి. దాన్ని బిగువు చేయడానికి మిస్త్రీ ఏం ఎంచుకున్నాడు, ఏం వద్దన్నాడు అన్నదాంట్లోనే అతని నేర్పంతా కనిపించింది.

హిందుస్థాన్ మోటార్స్ 1984 నుంచి 2002 దాకా తయారుచేసిన ఈ కారుకు మూలం బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ విక్టర్. ఇంజన్ ముందుంటుంది, బండిని నెట్టేవి వెనక చక్రాలు. లారీకి ఉన్నట్టు విడి చాసిస్ ఉండదు, రేకుల బాడీయే చాసిస్. ఇలాంటి బళ్లలో ఇంజన్‌ని మోసే ముందు దూలాలు డ్రైవర్ కాళ్ల దగ్గర ముగిసిపోతాయి. యాక్సిల్ భారం మోసే వెనక దూలాలు వెనక సీటు దగ్గర మొదలవుతాయి. నడుమ మిగిలేది ఫ్లోర్ రేకు, డోర్ల కింది సిల్లు.

కంపెనీ ఇంజన్‌కి అది చాలు. బలమైన ఇంజన్ పెట్టి, మెత్తటి డ్రాగ్ టైర్లు వేసి, ఒక్కసారిగా క్లచ్ వదిలితే కథ మారిపోతుంది. ముందు ఎడమ మూల పైకి లేస్తుంది, వెనక కుడి మూల కుంగుతుంది, బాడీ మూలమూలకీ మెలి తిరుగుతుంది. కొన్నాళ్లకు డోర్లు సరిగా పడవు, అద్దం పగులుతుంది, పిల్లర్ మొదట్లో పెయింటు చిట్లుతుంది. అంతకంటే ముందే ఇంకో నష్టం ఉంది. చక్రాలకు అందాల్సిన బలంలో కొంత రేకుల్ని మెలిపెట్టడానికే పోతుంది, సస్పెన్షన్‌లో చేసిన సెట్టింగుకు బండి నిలకడగా స్పందించదు.

కుర్రాళ్లు ముందుగా అడిగేది బానెట్ ఎత్తగానే మెరిసే స్ట్రట్ బ్రేస్, అంటే ముందు సస్పెన్షన్ స్ట్రట్ల పై కొనలు రెంటినీ కలిపే కడ్డీ. మాక్‌ఫర్సన్ స్ట్రట్లున్న స్విఫ్టుకో పోలోకో మలుపుల్లో అది కొంత పనిచేస్తుంది. కాంటెస్సా ముందు భాగంలో ఉన్నవి డబుల్ విష్‌బోన్లు, స్ట్రట్లే లేవు. మిస్త్రీ దాన్ని వద్దన్నాడు. అమ్ముకుంటే డబ్బొచ్చే సరుకుని వద్దనడం చిన్న విషయం కాదు.

అతను ఎంచుకున్నవి సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు, అంటే తెగిపోయిన ముందు దూలాన్నీ వెనక దూలాన్నీ చెరోవైపు కలిపే రెండు బాక్స్ పైపులు. బోల్టులతో బిగించేవి కాదు, వెల్డింగ్‌తో అతికేవి. పైపు పొడవునా ఫ్లోర్ రేకుకీ అతుకు వేశాడు. మూసిన గొట్టం మెలిని తట్టుకున్నట్టు తెరిచిన రేకు తట్టుకోదు. 50 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టాన్ని పొడవునా ఒక్క చీలిక చీల్చితే, మెలిని ఆపే శక్తి 400 రెట్లకు పైగా పడిపోతుంది. సన్న పైపులు నాలుగు వేయడం కన్నా లావు పైపు ఒకటి మేలనడానికీ కారణముంది. మందం మార్చకుండా వ్యాసం రెట్టింపు చేస్తే బరువు రెండింతలే అవుతుంది, బిగువు ఎనిమిదింతలవుతుంది.

నన్ను కట్టిపడేసింది మాత్రం అతికే పద్ధతి. బండిని లిఫ్ట్ మీద వేలాడదీయలేదు. నాలుగు చక్రాలూ ర్యాంపుల మీద ఉంచి, బరువంతా టైర్ల మీదే పడేలా చూశాడు. వేలాడుతున్న బాడీ కుంగి ఉంటుంది, అప్పుడు అతికితే ఆ వంకర అలాగే ఉండిపోతుంది. తొలుత డోర్లన్నీ వేసి తీసి, సందులు చూసుకున్నాడు. దూలం మీది తారునీ తుప్పునీ గ్రైండర్‌తో తెల్లటి ఇనుము కనిపించేదాకా తీశాడు. లోపల కార్పెట్ పీకి, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని, మొదట ట్యాకులు, అంటే పైపును నిలిపి ఉంచే చుక్క అతుకులు వేశాడు. తర్వాత ఎడమవైపు అంగుళం, కుడివైపు అంగుళం. ఒకే చోట సాగదీస్తే వేడికి రేకు లాగేస్తుంది. నడుమ నడుమ లేచి మళ్లీ డోరు వేసి చూశాడు. పని పూర్తయ్యాక ఒక మూల జాకీ పెట్టి లేపినప్పుడు కూడా వెనక డోరు సులువుగా పడింది.

బండి బోల్తా పడితే లోపలివాళ్లను కాపాడే గొట్టాల చట్రం, అంటే రోల్ కేజ్ సంగతి వేరు. అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల ప్రకారం డ్రైవర్ వెనక నిలిచే ప్రధాన హూప్‌కు కనీసం 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం ఉన్న అతుకులేని గొట్టం, లేదా 50 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్నది వాడాలి. ఫర్నిచర్ పైపుతో కట్టిన కేజ్ అలంకారమే. హెల్మెట్ లేకుండా ఊళ్లో తోలే బండిలో తలకు దగ్గరగా ఇనుప కడ్డీ ఉంటే చిన్న గుద్దుడుకే ప్రాణం మీదికొస్తుంది. అందుకే రోడ్డు మీద కూడా తిరగాల్సిన బండికి పూర్తి కేజ్ వద్దన్న మిస్త్రీ మాటే సరైనదని నా నిశ్చితాభిప్రాయం.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండి మార్పులను కట్టడి చేస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ నిర్దేశాలకు విరుద్ధంగా మార్చకూడదని చెప్పింది. పైపు తగిలించకముందే ఆర్‌టీఏ ఆఫీసులో అడగండి. సెక్షన్ 189 ప్రకారం అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం వేయడం నేరం. ఔటర్ రింగ్ రోడ్డు శామీర్‌పేట పక్కనే ఉంది కదా అని అక్కడ బండి బలం చూసుకోవద్దు. మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీ రన్‌వే మీద వ్యాలీ రన్ పేరుతో కార్ల డ్రాగ్ పోటీలు జరిగాయి. అలాంటి పోటీ ప్రకటించినప్పుడు పేరు నమోదు చేయించుకుని, బండిని ట్రక్కు మీద అక్కడికి చేర్చండి.