సముచ్చయమును విభక్తియు: హైదరాబాదు వ్యవహారముపై ఒక విమర్శ

ఆంగ్ల పదములు కలిసిన తెలుగును గూర్చి మనలో ఒక అభిప్రాయము చిరకాలముగా పాతుకొని యున్నది. మాటలలో ‘అండ్’, ‘బట్’ వినబడినంతనే భాష చెడినదని చింతించుట, అచ్చులో వాని స్థానమున ‘మరియు’, ‘కానీ’ కన్పట్టినచో భాష నిలిచినదని సంతసించుట దానికి రెండు ముఖములు. రెండును పరీక్షింపదగినవే. సముచ్చయ పదములును విభక్తి ప్రత్యయములును వాక్యమున ఏ విధముగా కలియుచున్నవో పరిశీలించినచో, వీథిలోని మిశ్రభాష తెలుగు వ్యాకరణమును కాపాడుచుండగా, శుద్ధమని మనము తలంచు లిఖితభాషయే పెక్కుచోట్ల ఆంగ్ల వాక్యమునకు లోబడుచున్నదని తోచును. ఈ వ్యాసమున నిరూపింపదలచిన దిదియే.

మొదట ఆంగ్లమర్యాదను చూతము. ఆంగ్లమున ‘ఇన్’, ‘టు’, ‘ఫ్రమ్’ మొదలగునవి నామమునకు ముందు విడిగా నిలుచు పదములు. విడిగా నిలుచుటచే అవి తమలో తాము ‘అండ్’, ‘ఆర్’ లతో జతపడి, ఒకే నామమును ఉమ్మడిగా పాలింపగలవు. ‘ఇన్ అండ్ అరౌండ్ చిక్కడపల్లి’, ‘టు అండ్ ఫ్రమ్ నారాయణగూడ’, ‘విత్ ఆర్ వితౌట్ ఎక్స్‌పీరియన్స్’ అను నిత్యవ్యవహార ప్రయోగము లిట్టివి. మఱియొక విశేషము: ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’, ‘సిన్స్’, ‘అంటిల్’ అను పదములు నామమునకు ముందున్నప్పుడు విభక్తి పనిని, వాక్యమునకు ముందున్నప్పుడు సంధాయక పదము పనిని చేయును. అనగా ఆంగ్లమున ఈ రెండు వర్గముల నడుమ గోడ మిక్కిలి పలుచన.

తెలుగున ఆ గోడ వేఱొక తీరున కట్టబడినది. విభక్తి నామమునకు వెనుక చేరును. అది నామమున ఒక భాగమే. చిక్కడపల్లికి, నారాయణగూడకు అనునప్పుడు ‘కి’ యగునో ‘కు’ యగునో నిర్ణయించునది నామము చివరి యచ్చే. ఇల్లు ‘ఇంటికి’ అనియు, ఊరు ‘ఊరికి’ అనియు, ఏఱు ‘ఏటికి’ అనియు మాఱుటను ఔపవిభక్తికములను బోధించు ప్రతి యుపాధ్యాయుడు ఎఱుగును. ఇక సముచ్చయమో, ఆ విభక్తికిని వెనుక వచ్చును: రామునికిని లక్ష్మణునికిని, నేటి వాడుకలో రాముడికీ లక్ష్మణుడికీ. నామము, విభక్తి, సముచ్చయము — ఇది క్రమము. వికల్పార్థకమైన ‘గాని’ కూడ ఇట్లే: చిక్కడపల్లిలోగాని నారాయణగూడలోగాని. సంస్కృతమున ‘చ’కారమును, లాటిన్ భాషలో ‘క్వె’ అను నిపాతమును పదము వెంటనే వచ్చుటను బట్టి ఈ పద్ధతి ప్రపంచ భాషలలో వింతయైనది కాదని గ్రహింపవచ్చును. ప్రతి నామమును తన విభక్తిని తానే మోయుటయు, సముచ్చయము ఆ పూర్ణరూపముపై చేరుటయు మాత్రము తెలుగున ప్రధానముగా గమనింపదగినవి.

ఈ సూత్రమును పరీక్షించుటకు హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములు అనువైనవి. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయ మున్నది. అశోక్‌నగర్ పోటీ పరీక్షల శిక్షణ సంస్థలకు పేరుపొందినది. జిల్లాలనుండి వచ్చిన యువకులు ఈ వీథులలో గదులు తీసికొని, ఆంగ్ల గ్రంథములును తెలుగు గ్రంథములును ఏకకాలమున చదువుచు, ఉరుదూ వినబడు నగరమున దినము గడపుచుందురు. భాషలు ఒకదానితో నొకటి రాచుకొనుటకు ఇంతకన్న తగిన తావు అరుదు.

ఇచ్చటి మాటల తీరు ఇది: ‘కోచింగ్ అశోక్‌నగర్‌లో, బట్ రూమ్ చిక్కడపల్లిలో’, ‘లైబ్రరీకి పోవాలె, సో తొందరగా తినాలె’. నామములు ఆంగ్లములు, సంధాయక పదములు ఆంగ్లములు, విభక్తులు మాత్రము తెలుగువే. ‘ఇన్ చిక్కడపల్లి’ యని గాని ‘టు లైబ్రరీ పోవాలె’ యని గాని తెలుగు వాక్యమున పలుకువారు కన్పట్టరు. ఇంకొకటి. ఈ మాటలలో ‘అండ్’ ఎక్కువగా వాక్యాదిని వచ్చుచున్నది. ‘ఇంకను’ అను నర్థమున ప్రాచీన గద్యమున ‘మఱియు’ నిలుచు స్థానము సరిగా అదియే. రెండు నామములను కూర్చవలసినప్పుడు ‘లైబ్రరీకీ కోచింగ్‌కీ’ యను దీర్ఘమే తఱచు. పరపదము వచ్చినది గాని మన పద్ధతిని త్రోసివేయలేదు.

సంధాయక పదములు సులభముగా వలసపోవుననుట క్రొత్త విషయము కాదు. యారోన్ మాత్రాస్ 1998లో ప్రకటించిన పరిశోధనలో, ద్విభాషా వ్యవహర్తలు ‘కాని’ యను నర్థము గల పదమును మొదటను, ‘లేక’ యను దానిని పిమ్మటను, సముచ్చయమును తుదకును అరువు తెచ్చుకొందురని ఒక క్రమమును ప్రతిపాదించెను. విభక్తులు రాకుండుటకు కారణమేమి? ఆంగ్ల విభక్తి ముందును తెలుగు విభక్తి వెనుకను వచ్చుటయే కారణమని కొందఱందురు. ఈ సమాధానము చాలదు. ఉరుదూలో ‘మే’, ‘సే’, ‘కో’ లు తెలుగు విభక్తులవలెనే నామమునకు వెనుక వచ్చును. ఆ భాషతో శతాబ్దుల సహవాస మున్నను ‘చిక్కడపల్లి మే’ యని తెలుగు వాక్యమున ఎవ్వరును అనరు. కాని ‘లేకిన్’ మాత్రము తెలంగాణ వ్యవహారమున వినబడును. కనుక స్థానభేదము కన్న బంధభేదమే బలవత్తరమైన కారణము. నామముతో ఏకమై దాని రూపమును సైతము మార్చు విభక్తిని తొలగించి మఱియొకదానిని నిలుపుట, కీలును మార్చుట వంటిది. వాక్యముల నడుమ నిలుచు సంధాయక పదము తలుపుపై వ్రేలాడు తోరణము. దానిని మార్చిన తలుపు చెడదు.

దీనికి అపవాదములుగా తోచునవి గలవు. ‘అశోక్‌నగర్ టు నారాయణగూడ’, ‘వయా చిక్కడపల్లి’ యను ప్రయోగములు బస్సు ప్రయాణికుల నోట సామాన్యములు. కాని పరికింపుడు: ‘టు’ యను నది ఇచ్చట రెండు నామముల నడుమ నిలిచినది, ‘వయా’ యును దారిపట్టికలో రెండు చోట్లను కలుపు పదముగనే వచ్చినది. అనగా సంధాయకము వేషమున వచ్చినప్పుడే ఆంగ్ల విభక్తికి ప్రవేశము లభించినది. వేఱొక ద్వారము నామములో గడ్డకట్టుట. ‘టులెట్ బోర్డు’, ‘ఇన్‌ఛార్జికి చెప్పితిమి’, ‘ఆన్‌లైన్‌లో చూచితిమి’ అనునప్పుడు ‘టు’, ‘ఇన్’, ‘ఆన్’ లకు విభక్తిత్వము నశించినది. ‘ఆన్‌లైన్’ అను దానికి మరల ‘లో’ చేర్చుటయే ఇందుకు సాక్ష్యము. అపవాదములు సూత్రమును బలపఱచుచున్నవే గాని భంగపఱచుట లేదు.

ఇక లిఖితభాష. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టము వచ్చిన పిదపను, 1968లో తెలుగు అకాడమి స్థాపితమైన పిదపను తెలుగున పరిపాలన రచనయు ఉన్నత విద్యకు గ్రంథరచనయు విస్తరించినవి. అది మహోపకారము. కాని ఆంగ్లమూలమును ఎదుట పెట్టుకొని వ్రాయు తొందరలో ‘అండ్’ ఉన్న ప్రతిచోట ‘మరియు’ నుంచుట అలవాటైనది. దోషము పదమున లేదు, స్థానమున నున్నది. వాక్యాదిని నిలిచి ‘ఇంకను’ అను నర్థము నిచ్చు పదమును రెండు నామముల నడుమ నిలిపినంతనే మొదటి నామము తన విభక్తిని కోల్పోవుచున్నది. ‘ఇల్లు మరియు ఊరికి’ యని వ్రాసినచో ‘ఇంటికి’ కావలసిన పదము ‘ఇల్లు’గనే మిగిలినది. మిశ్రభాష మాటలాడువాడు సైతము ఈ పని చేయడు.

ఇది చెవికి సంబంధించిన ఇబ్బంది మాత్రమే యైనచో ఉపేక్షింపవచ్చును. అర్థమునకే హాని కలుగుచున్నది. ఉదాహరణకై యొక వాక్యమును కల్పింతము: ‘గ్రామ పంచాయతీలు మరియు మండల పరిషత్తుల సభ్యులు అధ్యక్షుని ఎన్నుకొందురు.’ ఎన్నుకొనువారు పంచాయతీల సభ్యులా, లేక సంస్థలుగా పంచాయతీలా? ‘పంచాయతీల సభ్యులును, మండల పరిషత్తుల సభ్యులును’ అన్నచో సందేహమునకు చోటు లేదు. పోటీ పరీక్షలో ఇట్టి వాక్యము ప్రశ్నగా వచ్చినచో, విషయము తెలిసిన అభ్యర్థి సైతము భాష కారణముగా తప్పు గుర్తు పెట్టవచ్చును. తెలుగున వ్రాయుటకు హక్కు పొందినవాడు ఆ వాక్యార్థమునకై ఆంగ్లపాఠమును వెదకుకొనవలసివచ్చుట మాతృభాషా విద్యకు గౌరవము కాదు.

‘విత్ ఆర్ వితౌట్’ వంటివానిని ‘అనుభవముతో లేదా లేకుండా’ యని తెనిగించుటయు ఇట్టిదే. తెలుగు ఇచ్చట విభక్తులను జతపఱచదు. క్రియ నాశ్రయించును: ‘అనుభవ మున్నను లేకున్నను’. క్రియల నడుమ ‘మరియు’ సంగతియు నంతే. ‘వచ్చెను మరియు చదివెను’ అననక్కఱ లేదు. ‘వచ్చి చదివెను’ అను క్త్వార్థకమే సముచ్చయమును తనలో నిముడ్చుకొన్నది. సామాన్య, సంశ్లిష్ట, సంయుక్త వాక్యముల నిర్మాణమును వివరించిన చేకూరి రామారావుగారి ‘తెలుగు వాక్యం’ 1975లోనే వెలువడినది. వాక్యవిజ్ఞానము మనకు లేక కాదు. అది అనువాదకుని బల్ల వఱకు చేరలేదు.

అయినచో పెక్కు నామములకు ఒకే విభక్తిని చేర్చు మార్గము తెలుగునకు లేదా? ఉన్నది. తల్లిదండ్రులకు, అన్నదమ్ములతో అను ద్వంద్వములును, ‘చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో’ అను పద్ధతియు మనవే. తుదనున్న బహువచనము ఆ నామములను ఒక్క కట్టగా కట్టుచున్నది. విభక్తి ఆ కట్టకు చేరుచున్నది. పొడవైన పట్టికలకు ఈ మార్గమే చాలును. సాంకేతిక గ్రంథములలో ‘మరియు’ ఎక్కడను రాకూడదని శాసించుట నా ఉద్దేశము కాదు. దాని కిరువైపుల నామములు తమ విభక్తులతో నున్నచో సందేహము పుట్టదు.

విద్యార్థి వ్యాసమున ‘అండ్’ కన్పట్టినచో ఎఱ్ఱసిరాతో దిద్దుచున్నాము. విభక్తి లేని నామము ప్రక్కన ‘మరియు’ కన్పట్టినచో దాటిపోవుచున్నాము. మొదటిది పదదోషము, రెండవది వాక్యదోషము. పదమును మార్చిన మొదటిది పోవును. రెండవదానిని తీర్చుటకు వాక్యమునే మరల కట్టవలెను. కనుక దిద్దుబాటులో మనము పాటించు తారతమ్యము తలక్రిందులైనది. పరిశోధక విద్యార్థులు ప్రశ్నపత్రముల తెలుగు పాఠములను మూలములతో పోల్చి, సముచ్చయమును విభక్తియు కలియు చోట్లను వర్గీకరించినచో ప్రయోజనకరమైన సిద్ధాంతగ్రంథ మగును. చిక్కడపల్లి వీథిలో చదువుకొను యువకునికి విభక్తి ఎక్కడ చేర్చవలెనో ఒకరు నేర్పనక్కఱ లేదు. అతనికై వ్రాయువారు ఆ మర్యాదను పాటించిన చాలును.