కాలింది ఒకటి, కాల్చింది ఒకటి

ఆ పెట్టె నా దగ్గరికి వచ్చేసరికే దాని రెక్టిఫయర్ వాల్వు రెండుసార్లు మారింది. కొత్త వాల్వు వేసిన కొన్నాళ్లు హాయిగా పాడుతుంది. ఆపైన గొంతు బొంగురుపోతుంది, పావుగంటకే ట్రాన్స్‌ఫార్మర్ కాలి మైనం కరిగిన వాసన వస్తుంది. మా మేనమామ పెళ్లినాటి సెట్టు అది. లోపల అయిదు వాల్వులు: ఇసిహెచ్81, ఇఎఫ్89, ఇబిసి81, ఇఎల్84, ఇజడ్80. అంతకుముందు చూసినాయన తప్పేమీ చేయలేదు, కాలిపోయిన వాల్వు తీసి మంచిది వేశాడు. దాన్ని కాల్చినవాడు మాత్రం లోపలే దర్జాగా కూర్చున్నాడు.

వాల్వు రేడియోలో వోల్టేజి జబ్బులన్నిటి స్వభావమూ ఇంతే. దెబ్బ ఒకచోట కనిపిస్తుంది, కొట్టిన చెయ్యి ఇంకోచోట ఉంటుంది. అందుకే పాత మెకానిక్కులు సోల్డరింగ్ ఐరన్ కంటే ముందు మీటరు చేతిలోకి తీసుకునేవారు.

వాల్వుకు రెండు పూటలా రెండు రకాల తిండి కావాలి. ఫిలమెంటు ఎర్రబడడానికి 6.3 వోల్టులు, ఆ వేడికి కాథోడ్ నుంచి బయల్దేరిన ఎలక్ట్రాన్లను లాక్కోవడానికి ప్లేటు మీద రెండువందల పైచిలుకు. ఫ్లెమింగ్ 1904లో చేసిన మొదటి వాల్వు కరెంటును ఒకవైపే పోనిచ్చింది. ఆ పేరు అందుకే వచ్చింది. మన దేశంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారు చేసింది. ఇప్పటికీ పాత సామాన్ల కొట్లలో ఆ అట్టపెట్టెలు అప్పుడప్పుడు దొరుకుతుంటాయి.

ముందు కొలవాల్సింది రేడియోను కాదు, గోడను. ఈ సెట్ల వెనక వోల్టేజి మార్చే చిన్న పలక ఉంటుంది. దాన్ని 220 దగ్గర వదిలేసి, ఇవాళ 245 వచ్చే ప్లగ్గులో పెడితే లోపలి వోల్టేజీలన్నీ పదోవంతుకు పైగా పెరుగుతాయి. ఒకప్పుడు పల్లెల్లో బాధ దీనికి తిరగబడి ఉండేది. దీపాలు పెట్టేవేళ కరెంటు 170కి జారితే 6.3 ఉండాల్సిన ఫిలమెంటు 4.7 దగ్గర మినుకుమినుకుమనేది. అప్పుడు ముందు అలసిపోయేది ఇసిహెచ్81లోని ఆసిలేటరు భాగం, అందులోనూ షార్ట్‌వేవ్ మీద. షార్ట్‌వేవ్ స్టేషను సిలోన్ మాయమైపోయి, మీడియంవేవ్ మీది విజయవాడ ఒక్కటే మిగిలేది. సెట్టు పాడైందని మెకానిక్కు దగ్గరికి మోసుకెళ్తే, అక్కడ పట్టపగలు నిండు కరెంటులో సిలోన్ గలగలా పలికేది! ఇంటాయన ముఖం చిన్నబుచ్చుకుని మళ్లీ రిక్షా ఎక్కించుకునేవాడు.

ఇక జాగ్రత్త. నాకు ఈ పని నేర్పిన మెకానిక్కుగారు మీటరు ముల్లు ఆనించే ముందు ఎడమచెయ్యి లాగూ జేబులో పెట్టుకునేవారు. “రెండో చెయ్యి జేబులో ఉంటే కరెంటు గుండె మీదుగా దారి వెతుక్కోదురా అబ్బాయ్” అనేవారు. స్విచ్చి ఆపినా పెద్ద కండెన్సర్లలో రెండువందల వోల్టులు నిలవ ఉంటాయి. వాటిని రెసిస్టెన్సు ద్వారా ఖాళీ చేయందే వేలు పెట్టకూడదు. ఏళ్ల తరబడి మూలపడ్డ సెట్టును, మెయిన్సుకూ సెట్టుకూ మధ్య ఒక బల్బు ఉండే సీరీస్ బోర్డు మీదే మొదట లేపాలి. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలిగి సెట్టును కాపాడుతుంది.

మేనమామ సెట్టుకు నేను పెట్టిన అరవై క్యాండిల్ బల్బు కాస్త ఎక్కువగానే వెలిగింది. షార్టు లేదుగానీ ఎవరో అతిగా తాగుతున్నారు. బల్బు తీసి నేరుగా పెట్టి, రెక్టిఫయర్ పక్కనున్న మొదటి కండెన్సరు మీద కొలిస్తే 255 ఉండాల్సింది 215. ఇక్కడే దారి రెండుగా చీలుతుంది: ఇచ్చేవాడు నీరసపడ్డాడా, పుచ్చుకునేవాళ్లు దోచుకుంటున్నారా? ఆ కండెన్సరే ఎండిపోతే వోల్టేజి పడిపోవడమే కాదు, హమ్ము పెరుగుతుంది. ఆ హమ్ముకూ కులగోత్రాలున్నాయి. ఇజడ్80 లాంటి జంట ప్లేట్ల రెక్టిఫయరుంటే అది సెకనుకు వందసార్లు గుంయ్యిమంటుంది. యాభై వినిపించిందంటే ఒక ప్లేటు పనిచేయడం లేదు, లేదా ఏదో వాల్వులో ఫిలమెంటు నుంచి కాథోడ్‌కు లీకుంది. మా సెట్టులో హమ్ము పెద్దగా లేదు. దోపిడీయే.

దొంగను పట్టడానికి కరెంటు కొలవాలని వైర్లు తెంపనక్కర్లేదు. ఇఎల్84 కాథోడ్ కింద 180 ఓముల రెసిస్టెన్సు ఉంది. దాని మీద ఏడు, ఏడున్నర వోల్టులుంటే వాల్వులో సుమారు 40 మిల్లీఆంపియర్లు పోతున్నట్టు. నాకు 13.5 వచ్చింది. 180తో భాగిస్తే 75. ఆ వాల్వు భరించగలిగే గరిష్ఠం 65. పాపం ఇజడ్80 ఈ భారమంతా మోసి మోసి రెండుసార్లు ప్రాణం వదిలింది.

మరి ఇఎల్84 ఎందుకు ఒళ్లు మరిచి తాగుతోంది? వాల్వులో కరెంటును అదుపుచేసే గ్రిడ్డును ఒక తీగముక్కతో ఛాసిస్‌కు కలిపాను. పాట ఆగింది, ఆగాల్సిందే. కానీ కాథోడ్ వోల్టేజి 13.5 నుంచి ఏడుకు దిగింది. సున్నా ఉండాల్సిన గ్రిడ్డు మీద ఏదో ప్లస్ వోల్టేజి ఎక్కి కూర్చుందన్నమాట. డిజిటల్ మీటరు పెట్టి చూస్తే పదిన్నర. ఇద్దరే అనుమానితులు: వాల్వులోపల చేరిన గ్యాసు, లేక ముందున్న ఇబిసి81 ప్లేటు నుంచి పాటను మోసుకొచ్చే 0.01 మైక్రోఫారడ్ కాగితపు కండెన్సరు. గుడ్డ పట్టుకుని ఇఎల్84ను ఊడదీశాను. అది లేకపోతే బరువు తగ్గి మిగతా వోల్టేజీ ఎగబాకుతుంది కాబట్టి ఒక్క చూపుకే ఈ పని. గ్రిడ్డు పిన్ను మీద ప్లస్ వోల్టేజి అలాగే ఉంది. వాల్వు నిర్దోషి.

చూడండి, ఆ కండెన్సరు లీకు ఎంతని? గ్రిడ్డు రెసిస్టెన్సు 680 కిలో ఓములు కాబట్టి పదిన్నర వోల్టులకు పదిహేను మైక్రో ఆంపియర్లు, అంతే. కాథోడ్‌లో అదనంగా పోతున్నదానిలో రెండువేల వంతు కూడా కాదు. అటువైపు ఇబిసి81 ప్లేటు వోల్టేజి చూస్తే మూడు వోల్టులే తగ్గింది. అక్కడ కొలిచినవాడు అంతా బాగానే ఉందని వెళ్లిపోతాడు. ఊడదీసి మామూలు ఓమ్ మీటరు పెడితే ఇలాంటి కండెన్సరు చాలాసార్లు ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది కూడా. వంద వోల్టులు మీద పడితేనే నిజం కక్కుతుంది. 630 వోల్టుల పాలియెస్టర్ది వేశాక కాథోడ్ 7.2, మొదటి కండెన్సరు మీద 255. ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనించగలిగాను.

అయినా పాట సన్నగానే వచ్చింది. ఇఎఫ్89 స్క్రీను మీద 85 ఉండాల్సింది 50. ఇది సులువు: అక్కడి 47 కిలో ఓముల కార్బన్ రెసిస్టెన్సు వయసుతో పాటు పెరిగి 96 అయింది. స్క్రీను కండెన్సరు లీకైనా ఇలాగే వోల్టేజి తగ్గుతుంది. సెట్టు ఆపి రెసిస్టెన్సు కొలిస్తే తేలిపోతుంది.

ఈమధ్య చాలామంది సెట్టు తెరవగానే కండెన్సర్లన్నీ ఊడబీకి కొత్తవి వేసేస్తున్నారు. కాగితపు కండెన్సర్ల విషయంలో వాళ్లతో నాకు పేచీ లేదు, అవి నమ్మదగ్గవి కావు. కానీ ఒక్క కొలతా రాసుకోకుండా ముప్పై భాగాలు మారిస్తే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు పాత జబ్బేదో, మన చేతిపని ఏదో తెలీదు. అది వైద్యం కాదు, తద్దినం.

ట్రాన్స్‌ఫార్మర్ లేని ఎసి-డిసి సెట్ల కథ వేరు. వాటి ఫిలమెంట్లన్నీ శ్రీరామనవమి పందిరికి కట్టే సీరియల్ బల్బుల్లా ఒకే దండ. యుసిహెచ్81కు 19, యుబిఎఫ్89కు 19, యుఎల్84కు 45, యువై85కు 38. మొత్తం 121 వోల్టులు. మెయిన్సులో మిగిలిన 109 డ్రాపర్ రెసిస్టెన్సు వేడిగా తినేస్తుంది. ఒక్కటి తెగితే అన్నీ ఆరిపోతాయి. ఒక్కో ఫిలమెంటు మీదా మీటరు పెట్టుకుంటూ పోతే, తెగినదాని మీద మెయిన్సు వోల్టేజంతా ఒకేచోట కనిపిస్తుంది. ఈ జాతి సెట్లలో ఛాసిస్సే మెయిన్సుకు అతుక్కుని ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే రేకు మొత్తం షాకే. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వీటి జోలికి వెళ్లకండి.

కొలతల్లో మీటరుకూ వాటా ఉంది. వోల్టుకు వెయ్యి ఓముల పాతకాలపు మీటరు 250 రేంజిలో తానే 250 కిలో ఓముల బరువై వేలాడుతుంది. ఇబిసి81 ప్లేటు మీద నిజంగా 90 ఉంటే అది 75 దగ్గర ఆగిపోతుంది. కంపెనీ కాగితాల్లో అంకెలు అలాంటి మీటరుతో రాసినవైతే, ఇవాళ్టి డిజిటల్ మీటరు ఎక్కువ చూపించడం జబ్బు కాదు. ఆ రోజుల మీటరుతో గ్రిడ్డు వోల్టేజిని నేరుగా చూడడం అసలు కుదిరేది కాదు. కాథోడ్ కొలిచి, భాగహారం వేసి, గ్రిడ్డును ఛాసిస్‌కు తాకించి తేల్చడం ఆ ఇబ్బందిలో పుట్టిన ఉపాయమే.

వెనక అట్ట బిగించబోతుంటే దాని లోపలివైపు పెన్సిలుతో రాసిన అంకెలు కనిపించాయి: 231, 195, 74, 6.5. కింద ‘కరెంటు 210’ అని. ఎవరు, ఎప్పుడు అన్నది లేదు. ముళ్లు తుడిచి డయలు 358 మీటర్ల దగ్గర, విజయవాడ మీద నిలిపాను. పాట నడుస్తుండగా ఆ అంకెల కిందే నావీ రాశాను: 255, 216, 84, 7.2, కరెంటు 232. పక్కన తేదీ, మీటరు 10 మెగ్ ఓములది అని.