కారణజన్ముడు లేని వీరగాథ

కారణజన్ముడు అన్న మాట తెలుగువారికి చిరపరిచితం. లోకంలో ఒక మహత్కార్యం నెరవేరవలసి ఉండగా, దానికోసమే పుట్టినవాడు కారణజన్ముడు. బాలనాగమ్మ చెర వీడాలంటే ఆమె కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై రావాలి. మాంత్రికుని ప్రాణమున్న చిలుక అతనికే చిక్కాలి. అనామకంగా పెరిగిన పిల్లవాడు కథాంతంలో రాజకుమారుడని తేలే జానపద కథలు కూడా ఈ కోవలోనివే. వీటన్నిటిలో పుట్టుక ఒక అర్హత. జన్మరహస్యం బయటపడిన క్షణమే నాయకుడు సింహాసనానికి చేరే క్షణం.

చైనా భాషలోని యుద్ధవిద్యా నవలలకూ ఇదే మూసగా ఉండేది. తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు, కొండగుహలో దొరికిన రహస్య గ్రంథం, అజ్ఞాత గురువు, చివరకు పగ తీర్చుకోవడం: ఇదీ క్రమం. ఆ మూసలో అందరికన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్న హాంకాంగ్ రచయిత జిన్ యోంగ్ (1924–2018), ఆ మూసను లోపలినుంచి విప్పినవాడు కూడా. 1963 నుంచి 1966 వరకు ఆయన తన ‘మింగ్ పావ్’ దినపత్రికలో ధారావాహికగా వ్రాసిన ‘తియాన్ లోంగ్ బా బూ’ బౌద్ధ అధ్యయనపరులు ప్రత్యేకంగా పరిశీలించదగిన నవల. కారణజన్ముడు అన్న పదంలోని ‘కారణం’ అనే మాటకు అది బౌద్ధమైన అర్థాన్ని తిరిగి ఇచ్చింది. ఫలానా ప్రయోజనం కోసం పుట్టడం వేరు, హేతుప్రత్యయాల వలన పుట్టడం వేరు. మొదటి అర్థంలో కారణజన్ముడు ఒక్కడే ఉంటాడు. రెండవ అర్థంలో పుట్టిన ప్రతివాడూ కారణజన్ముడే.

నవల పేరే ఇందుకు తొలి సూచన. దేవ, నాగ, యక్ష, గంధర్వ, అసుర, గరుడ, కిన్నర, మహోరగులనే అష్టగణాలకు చైనా అనువాదకులు ఇచ్చిన పేరది. సద్ధర్మపుండరీకం వంటి మహాయాన సూత్రాలలో ఈ గణాలు బుద్ధుని ధర్మాన్ని వినడానికి సభకు వస్తాయి. వీరికి మానవాతీత శక్తులున్నా దుఃఖం తప్పలేదు, సంసారచక్రం నుంచి విముక్తీ లేదు. శక్తి, విముక్తి ఒకటి కావన్న ఈ ఎరుకను రచయిత నవల నొసటనే వ్రాశాడు. ఏ పాత్ర ఏ గణానికి ప్రతినిధి అన్న లెక్క ఇందులో లేదు. యుద్ధవిద్యలో ఆరితేరిన పాత్రలన్నీ ఆ సభలో నిలబడ్డవే.

కథాకాలం పదకొండవ శతాబ్ది చివరిభాగం. సోంగ్, లియావ్, పశ్చిమ శియా, దాలి, టిబెట్ రాజ్యాలు ఒకదానినొకటి అనుమానంగా చూసుకుంటున్న కాలం. నాయకులు ముగ్గురు, ప్రమాణం చేసి అన్నదమ్ములైనవారు. ఒక్కరుండవలసిన చోట ముగ్గురిని నిలపడమే మూసను సడలించడం. అయితే అసలైన తలకిందులు వారి జన్మరహస్యాలలో ఉంది.

చియావ్ ఫెంగ్ బిచ్చగాళ్ళ సంఘానికి అధిపతి, హాన్ ప్రజల గర్వకారణం. అతడు హాన్ జాతివాడు కాడని, శత్రువులైన ఖితాన్ జాతివాడని బయటపడుతుంది. ముప్పై ఏళ్ళ క్రితం ఒక అబద్ధపు వార్త నమ్మి సోంగ్ వీరులు యెన్మెన్ కనుమ దగ్గర అతని కుటుంబంపై దాడి చేశారు. తల్లి చనిపోయింది, పసివాడు హాన్ రైతు దంపతుల ఇంట పెరిగాడు. ఈ రహస్యం అతనికి ఏ సింహాసనాన్నీ ఇవ్వలేదు. పదవి, స్నేహాలు, పేరు కూడా పోగొట్టింది. అప్పటినుంచి అతడు సియావ్ ఫెంగ్. తెలుగు పాఠకుడికి ఇక్కడ కర్ణుడు గుర్తుకు రాక మానడు. ఇద్దరికీ జన్మరహస్యం ఆలస్యంగా తెలుస్తుంది, ఇద్దరినీ చీలుస్తుంది. కర్ణుడు తనను ఆదరించిన పక్షాన నిలిచి పోరాడాడు. సియావ్ ఫెంగ్ ఏ పక్షంలోనూ నిలబడలేక, రెండు సేనల మధ్య నిలిచాడు. బ్రతికినంతకాలం సోంగ్ దేశంపై దండెత్తనని లియావ్ చక్రవర్తి చేత ప్రమాణం చేయించి, విరిగిన బాణంతో అక్కడే ప్రాణం తీసుకున్నాడు. తన జాతి రాజును ఎదిరించిన ద్రోహాన్ని అతడు తనకు తానే మన్నించుకోలేకపోయాడు. ఏ పక్షపు విజయగాథలోనూ ఈ అంతం ఇమడదు.

మురోంగ్ ఫూ దీనికి ఎదురు పాత్ర. ఏనాడో అంతరించిన యెన్ రాజవంశానికి అతడు వారసుడు. ఆ రాజ్యాన్ని పునరుద్ధరించడానికే పుట్టానని బాల్యం నుంచి నమ్మినవాడు. పాత కథల లక్షణాలన్నీ, రాజరక్తం, రూపం, విద్య, వంశప్రతిజ్ఞ, అతనిలోనే ఉన్నాయి. రచయిత అతనినే పిచ్చివానిగా చేసి, పిల్లలకు మిఠాయి పెట్టి వారిచేత చక్రవర్తీ అని పిలిపించుకునే స్థితిలో వదిలేశాడు. కారణజన్ముడననే నమ్మకం ఒక ఉపాదానం, గట్టిగా పట్టుకున్న తృష్ణ. బౌద్ధ పరిభాషలో దీనికన్న స్పష్టమైన చిత్రం కథాసాహిత్యంలో అరుదు.

రెండవ సోదరుడు షూ జూ షావోలిన్ మఠంలోని అమాయక భిక్షువు. అతని పేరుకు ‘బోలు వెదురు’ అని అర్థం. మహామేధావులు ముప్పై ఏళ్ళుగా విప్పలేని ఒక చదరంగపు చిక్కును అతడు విప్పుతాడు. అది చైనావారి ‘వెయిచీ’ ఆట. ఆట గెలవాలన్న కోరిక అతనికి లేదు. ఆ చిక్కులో మనసు చిక్కుకుని ఆత్మహత్యకు సిద్ధమైన ఒక దుర్మార్గుని కాపాడాలని, కళ్ళు మూసుకుని ఒక రాయి పెట్టాడు. అది తన పక్షపు రాళ్ళనే చంపే ఎత్తు. తనవాటిని పోగొట్టుకున్న ఖాళీలోనే దారి తెరుచుకుంది. గెలవాలని వచ్చిన మేధావులు ఒక్క రాయినీ వదులుకోలేక ఓడిపోయిన చోట కరుణ గెలిచింది. స్వభావశూన్యతను బోధించిన నాగార్జునుని పేరు మోసిన కొండ ఉన్న నేలమీద ఈ ఘట్టాన్ని చదివేవారికి వ్యాఖ్యానం అక్కరలేదు.

నవలకు శిఖరం షావోలిన్ గ్రంథాలయ సన్నివేశం. అక్కడ దశాబ్దాలుగా నేల ఊడుస్తున్న ఒక వృద్ధ భిక్షువున్నాడు. అతనికి పేరు లేదు. రాత్రివేళ వచ్చి యుద్ధవిద్యా గ్రంథాలను దొంగచాటుగా చదివే మహావీరులకు అతడు కనబడనే లేదు. చివరకు ఆ ఊడ్చేవాడే అందరికన్నా సమర్థుడని తేలుతుంది. అతడు చెప్పేది ఒకటే: మఠంలోని డెబ్బైరెండు విద్యలు హింసకు దారితీసేవి, ఒక్కొక్క విద్యకు తగిన ధర్మసాధన, కరుణ తోడు కాకపోతే అవి నేర్చినవానినే లోపల తినేస్తాయి. ఈ పాత్ర రచయిత కల్పనే అయినా దాని వెనుక పాత పరంపర ఉంది. నాలుగు నెలల్లో ఒక్క గాథ కంఠస్థం చేయలేని చూళపంథకుడు గుడ్డముక్కతో తుడుస్తూ అర్హతుడైన కథ పాళీ సంప్రదాయంలో ఉంది. చైనాకు చేరిన కథల్లో అతని చేతిలో చీపురుంది. వాడిన పూలు ఊడ్చి బతికిన సునీతుడు థేరగాథల కవులలో ఒకడు.

ఈ సంప్రదాయానికి తెలుగు నేలమీద శిలాసాక్ష్యం కూడా ఉంది. అమరావతి స్తూపానికి పూర్ణఘట ఫలకాన్ని దానం చేసిన విధికుడు తాను చర్మకారుడనని శాసనంలో చెప్పుకున్నాడు. రాజులు కట్టించిన చైత్యంగా మాత్రమే దానిని తలచేవారికి ఆ ఒక్క పంక్తి చాలు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. సిద్ధార్థుడే కారణజన్ముడు కాడా? అసితుడు శిశువును దర్శించిన ఘట్టాన్ని ఆంధ్రశిల్పులు చెక్కలేదా? ముప్పైరెండు మహాపురుష లక్షణాలు పుట్టుకతో రాలేదా? దీఘనికాయంలోని లక్ఖణ సుత్తం దీనికి సమాధానం చెబుతుంది. ఒక్కొక్క లక్షణమూ పూర్వజన్మలో చేసిన ఒక్కొక్క సత్కర్మకు ఫలితం. పైగా ఆ లక్షణాలున్నవానికి చక్రవర్తిత్వం, బుద్ధత్వం అనే రెండు దారులున్నాయి. లక్షణాలు దారిని చూపవు, నడక చూపుతుంది. ఎన్నుకున్న దైవం లేడు, చేసిన కర్మ ఉంది.

ఈ గీటురాయి మీద పెడితే నవలలోని లోపమూ కనిపిస్తుంది. షూ జూ చదరంగం గెలిచిన వెంటనే ఒక వృద్ధుడు డెబ్బై ఏళ్ళ సాధనబలాన్ని అతనిలోకి ఎక్కిస్తాడు. ఆ తరువాత ఒక పీఠాధిపత్యం, ఒక రాజకుమార్తె వచ్చిపడతాయి. దాలి రాజకుమారుడు దువాన్ యూ కూడా హింస వద్దని యుద్ధవిద్యను నిరాకరించి, అనుకోకుండానే దానిని పొందుతాడు. విధి ఎన్నుకున్నవాని స్థానంలో అదృష్టం వరించినవాడు వచ్చాడు. కోరనివానికే అన్నీ దక్కుతాయన్న సూత్రం వినడానికి బాగున్నా, దక్కవలసినవి రాజ్యమూ బలమూ అన్న పాత విలువ అలాగే మిగిలింది. చూళపంథకుడు తుడిచి తుడిచి సాధించాడు. షూ జూకు ఆ శ్రమ తక్కువ. స్త్రీపాత్రలు చాలావరకు పురుషుల పాపాలకు మూల్యం చెల్లించడానికే పుట్టినట్టు ఉండడం మరొక కొరత. తెలియని ప్రేమికుని చేతిదెబ్బకు మరణించే ఆ జూ ఇందుకు ఉదాహరణ.

ఈ లోపాన్ని కొంత సరిదిద్దేది టిబెట్ రాజగురువు జ్యూమోజీ పాత్ర. అతని పేరులోని మొదటి అక్షరాలు కుమారజీవుని చైనా పేరును తలపిస్తాయి. ధర్మపండితుడై కూడా అతడు ఇతరుల విద్యలకోసం దొంగతనానికి, దౌర్జన్యానికి దిగాడు. ఒకనాడు అతని బలమంతా దువాన్ యూలోకి ఇంకిపోయింది. పోయిన తరువాతే అతనికి జ్ఞానోదయమైంది. శేషజీవితాన్ని ధర్మప్రచారంలో, గ్రంథానువాదంలో గడిపాడు. పొందినవారి కథలకన్న పోగొట్టుకున్న ఈ ఒక్కని కథ బౌద్ధానికి దగ్గరగా ఉంది. రచయిత బౌద్ధాన్ని గాఢంగా ఆశ్రయించింది 1976లో పెద్దకొడుకును పోగొట్టుకున్న తరువాత. నవల అంతకు పదేళ్ళ ముందే ముగిసింది. తరువాతి జీవితం అడగబోయే ప్రశ్నను కల్పన ముందుగానే అడిగినట్టయింది.

ఈ ప్రశ్న సాహిత్యచర్చతో ముగిసేది కాదు. సూరత్ జిల్లా జోల్వా వంటి బట్టల మిల్లుల ఊళ్ళలో పెరిగే పిల్లవాడికీ, తెలుగునాట మగ్గం పక్కన పెరిగే పిల్లవాడికీ తెరమీద కనిపించే వీరుడు తరచుగా రాజరక్తం గలవాడే. పుట్టుకే అర్హత అని వెయ్యిసార్లు విన్న చెవి, పుట్టుకే అనర్హత అన్న మాటను కూడా ఎదురు చెప్పకుండా వింటుంది. ఆ రెండు మాటలకు మూలం ఒకటే. కులాన్ని బట్టి కాక కర్మను బట్టి మనిషిని చూడమన్న బోధకు ఈ నవల పూర్తి ప్రతిరూపం కాకపోయినా, చీపురు పట్టిన చేతిని శిఖరాన నిలిపి దానికి ఒక పేరుకూడా పెట్టకపోవడం ద్వారా ఆ బోధను లక్షలాది పాఠకుల ముందుకు తెచ్చింది. దానిని తెలుగు బౌద్ధ అధ్యయనం పట్టించుకోవడానికి ఈ కారణం చాలు.