ఆరు గీటురాళ్లు, ఒక డ్యామ్

పాఠ్య ప్రణాళికను ఎవరూ సాహిత్యంలా చదవరు. కానీ పిల్లలు ఏ ప్రశ్నలు అడగాలని దేశం అనుకుంటోందో అందులోనే ఉంటుంది. యశ్‌పాల్ అధ్యక్షతన తయారైన 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం అలా చదవదగ్గ పత్రం.

సైన్సు పాఠం మంచిదా కాదా అని చూడ్డానికి అది ఆరు గీటురాళ్లు ఇచ్చింది. పిల్లల వయసుకు అందుతుందా? విషయం సరైనదేనా? సైన్సు పనిచేసే పద్ధతిని నేర్పుతుందా? ఒక భావన కాలక్రమంలో ఎలా ఎదిగిందో చెబుతుందా? పిల్లల పరిసరాలతో, సమాజంతో ముడిపడుతుందా? నిజాయితీ, సహకారం లాంటి విలువలు పెంచుతుందా? సాఫ్ట్‌వేర్‌లో దీన్ని మంచి స్పెక్ అంటాం. ఏం కట్టాలో చెప్పి ఊరుకోకుండా, కట్టింది సరిగ్గా ఉందో లేదో తేల్చే టెస్టులు కూడా రాసిపెట్టింది.

ఆ చట్రం మీద వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో సహజ వనరుల గురించి ఒక పాఠం ఉండేది. పెద్ద డ్యాముల వల్ల సామాజిక, ఆర్థిక, పర్యావరణ సమస్యలుంటాయని, నిర్వాసితులకు న్యాయం జరగడం లేదని సూటిగానే చెప్పింది. 2022లో భారం తగ్గించే పేరుతో దాన్ని తీసేశారు. డార్విన్ పరిణామ సిద్ధాంతం పోయిందని 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు చేశారు. చేయాల్సిందే. డ్యాము పాఠం పోయిందని మన దగ్గర ఎవరైనా బాధపడినట్టు నా కంటపడలేదు.

పోలవరం 2014 నుంచి జాతీయ ప్రాజెక్టు. సిలబస్సూ జాతీయమే. కానీ ఆ రెండింటికీ పరిచయం లేదు.

అయితే పాత పాఠం గొప్పదని నేననను. నర్మద, తవా పేర్లు చెప్పి, సమస్యల్ని మూడు పాయింట్లుగా విడగొట్టింది. మూడు పాయింట్లంటే మనకి మూడు మార్కులు. పోలవరం పిల్ల కూడా వాటిని బట్టీ పట్టి పాసైపోతుంది. విషయం సరైనదే, పద్ధతే లేదు. తన ఆరు టెస్టుల్లో మూడోదాంట్లో అది తప్పింది.

అసలు పాఠం నదిలోనే ఉంది. నది ఇసుక కిందుగా నీరు జారిపోకుండా కట్టిన డయాఫ్రం వాల్ 2018లో పూర్తయి, తర్వాతి వరదల్లో దెబ్బతింది. కాఫర్ డ్యాముల్లో వదిలిన ఖాళీల గుండా వరద ఉరికి, ఇసుకను కోసేసింది. తప్పెవరిదో పార్టీలు ఇంకా వాదించుకుంటున్నాయి. దారి ఇరుకైతే నీటి వేగం ఎందుకు పెరుగుతుందో మాత్రం హైస్కూలు పిల్లలు కాలవ గట్టున తేల్చుకోగలరు.

ఇంకో ప్రశ్న దీనికన్నా బరువైంది. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, తొలిదశ 41.15. ఎవరికి ముందు పునరావాసం, ఎవరికి తర్వాత అన్నది ఈ అంకెల్ని బట్టి గీసిన కాంటూరు గీతే తేలుస్తోంది. కానీ వరదలో ఉన్న నది చెరువులా బల్లపరుపుగా ఉండదు. అడ్డుకట్ట ఉంటే ఎగువన మట్టం ఇంకా పైకి లేస్తుంది. మరి గీతకి అవతల ఉన్న ఇల్లు మునగదని ఎలా చెప్పగలం? ఇది భౌతికశాస్త్ర ప్రశ్న, కుక్కునూరు, వేలేరుపాడుల్లోని కోయ, కొండరెడ్డి పిల్లలకి ఇంటి ప్రశ్న. 2022 జూలై వరదని చూసిన పిల్లలు దీన్ని సిలబస్ కన్నా ముందే అడిగి ఉంటారు.

జాతీయ పుస్తకంలో ప్రతి ఊరి నదినీ ఇరికించలేం, నిజమే. ఇరికించక్కర్లేదు కూడా. పాఠం మధ్యలో ఒక ఖాళీ వదిలి, "మీ ఊళ్లో కొలిచి రండి" అంటే చాలు. ఆ కొలతకి మార్కులూ ఇవ్వాలి, లేకపోతే ఎవరూ కొలవరు. 2023లో వచ్చిన కొత్త చట్రం కూడా స్థానికత గురించి బాగానే మాట్లాడుతోంది. మాటలకేం, 2005లోనూ బాగానే ఉన్నాయి. భారం పేరుతో పాఠాలు కోసేవాళ్లు ఆ ఆరు ప్రశ్నలూ ముందుగా తమ కత్తెరని అడగాలి.