దిద్దించే చేయి

చిన్నపిల్ల చేత మొదటి ‘అ’ దిద్దించడం ఎంత పెద్ద విద్యో డి.ఎడ్. చదివిన రెండేళ్లలోనూ నాకు తెలియలేదు. డీఎస్సీ రాసి, ఏటి ఒడ్డున ఉన్న ఏకోపాధ్యాయ పాఠశాలలో చేరిన మొదటి వారం బోర్డు మీద పెద్దగా ‘అ’ రాసి, చూసి రాయమన్నాను. ఒకటో తరగతిలో ఉన్న ఏడుగురిలో ఐదుగురు ఏడ్చారు. ఆ సాయంత్రం మా ఊరి రిటైర్డు మాస్టారి అరుగు మీద కూర్చుని గోడు వెళ్లబోసుకున్నాను. “అప్పుడే బోర్డు దాకా ఎందుకు పోయావురా? ముందు ఇసుక పట్రా” అన్నారాయన.

ఇసుకను సన్నగా జల్లించి పళ్లెంలో వేలు మందాన పరవాలి. మరీ పొడిగా ఉంటే గీత నిలవదు, కాస్త చెమ్మ తగలాలి. గురువు పిల్లకు ఎదురుగా కూర్చోకూడదు. వెనకగా, కుడి భుజం పక్కన కూర్చుని చూపుడువేలు పట్టుకోవాలి. మొదట ఆ వేలిని మనమే నడపాలి. నాలుగైదు సార్లయ్యాక పట్టు సడలించి, మలుపు దగ్గర మాత్రం చిన్నగా నొక్కాలి. ఉన్నట్టుండి ఆ వేలు మన వేలికంటే ముందు పరుగెడుతుంది. అప్పుడు వదిలెయ్యాలి. ముందే వదిలితే అక్షరం కూలబడుతుంది, ఆలస్యమైతే పిల్ల మన చేతికి అలవాటు పడిపోతుంది. పనితనమంతా ఆ వదలడంలోనే ఉంది. మాస్టారు ఆ క్షణాన్ని కళ్లు మూసుకుని పట్టగలరు, నేను చూశాను. పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుంటే, ఎదుటివాడికి తిన్నగా కనబడేలా అక్షరాన్ని తలకిందులుగా రాస్తారు. ‘ణ’ను కూడా! ఆరు నెలలు సాధన చేసినా నా చెయ్యి ‘ఋ’ దగ్గర ఇంకా తడబడుతూనే ఉంది.

ఇసుకలో తప్పు పోతే అరచేత్తో ఒకసారి సర్దితే చాలు. నోటుపుస్తకంలో తప్పు ఎర్రసిరా కింద ఏడాదంతా పిల్లను వెక్కిరిస్తూ ఉంటుంది. పలక, బలపం ఇసుక తరవాతే. పలక మీద గురువు రాసిన అక్షరాన్ని లావెక్కేదాకా దిద్దాలి.

ఇక గుణింతం. దాన్ని బట్టీ అని ఈసడించేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. కకు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి, కొమ్మిస్తే కు. గుర్తు పేరు, దాని పలుకు ఒక్క ఊపిరిలో వచ్చేస్తాయి. క-గుణింతం పట్టుబడ్డ పిల్ల గ, చ, త గుణింతాలను తనంతట తానే అల్లుకుపోతుంది. అర్థం తెలియని జవాబులను పరీక్ష కోసం మింగడం బట్టీ. ఇది రాగంలో పెట్టిన లెక్క. ముప్పై గొంతులు పాడుతుంటే, బోర్డు వైపు తిరిగి రాస్తున్న మాస్టారు “మూడో వరసలో ఎవడ్రా ఐత్వం ఎగ్గొట్టింది?” అనేవారట. ఇప్పుడు తాతలైన ఆయన శిష్యులు నేటికీ చెప్పుకుంటారు.

ఇదంతా మన వీధిబడి సొత్తు. మద్రాసులో పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూసిన ఆండ్రూ బెల్ అనే పాదిరీ ఆ పద్ధతిని తన అనాథ బడిలో పెట్టి, 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో 226 తెలుగువని లెక్క రాశాడు. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిని మెచ్చుకున్నాడు కూడా. అయితే ఆ బడుల్లో శిక్షలూ ఉండేవి. బడికి మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్న, మూడోవాడి నుంచి దెబ్బలు. చేతులు కట్టి వేలాడదీసే కోదండం సంగతి సరేసరి. ఆ బడి అరుగు అందరిదీ కాదు. ఆడపిల్లలూ, దళితుల పిల్లలూ చాలావరకు దానికి దూరంగానే ఉండిపోయారు. ఆ బెత్తమూ ఆ గడపా నాకొద్దు. ఆ చేతి పనితనం కావాలి, ఆనాడు లోపలికి రానివ్వని ఇళ్ల పిల్లలకే ముందు కావాలి.

నాకు దేవుడి లాంటివారు గిడుగు రామమూర్తి గారు. 1880లో పర్లాకిమిడిలో ముప్పై రూపాయల జీతం మీద పంతులుగా చేరినాయన, సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలని ముందు తానే వాళ్ల భాష నేర్చుకున్నారు. మన్యం జ్వరాలకు వేసుకున్న క్వినైన్ వల్ల వినికిడి పోయినా పని ఆపలేదు. పిల్ల నోట ఆడే మాట దగ్గరే చదువు మొదలవ్వాలని ఆయన వల్లే నాకు గట్టిగా నాటుకుంది. మా బడి పిల్లల నాన్నలు చేపలు పడతారు. అందుకే ఇప్పుడు నేను ‘అ’తో కాదు, ‘వల’లోని ‘వ’తో మొదలుపెడతాను. ‘వ’ చివర కొమ్ములాంటి వంపు ఒకటి చుడితే ‘మ’ వచ్చేస్తుంది. అది చూసి పిల్లలు ఎంత సంబరపడతారో!

మరి బయట జరుగుతున్నదేమిటి? మూడేళ్లు నిండని పసివాళ్ల చేతికి పెన్సిలిచ్చి చుక్కలు కలిపిస్తున్నారు. వేళ్లు ఇంకా ముదరనే లేదు! రాత్రి తల్లి ఏడిపించి హోంవర్కు పూర్తి చేయిస్తుంది. మరికొందరు ట్యాబ్ ఇస్తారు. గాజు పలక మీద వేలు జారుతుందే తప్ప దానికి ఏం తగులుతుంది? అన్నిటికంటే ఘోరం, ‘శాండ్ ట్రే యాక్టివిటీ’ పేరుతో రంగు ఇసుక డబ్బా ఏడాదికి ఒక్కరోజు తీసి, ఫొటో దిగి, మళ్లీ బీరువాలో పెట్టేయడం. మూడో తరగతి నుంచి పిల్లల్ని పక్క ఊరి హైస్కూలుకు పంపేసిన చోట, చిన్నవాళ్ల వేలు పట్టుకునే అక్కలూ అన్నలూ కూడా లేకుండా పోయారు. ఐదు తరగతులు ఒక్క గదిలో ఉండటం లోటని అందరూ అంటారు. నా కళ్లకు అదే మా బడి బలం.

శిక్షణ కళాశాలల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మీ చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద కూర్చున్న పాత మాస్టార్లను, పంతులమ్మలను మీ తరగతికి పిలవండి. ఉపన్యాసం ఇప్పించకండి. ఒక పళ్లెం, దోసెడు ఇసుక, ఒక పిల్లను ముందు పెట్టి వాళ్ల చేతిని చూడండి. మా మాస్టారి చెయ్యి ఈ చలికాలం నుంచి వణకడం మొదలుపెట్టింది.

జూన్‌లో మా బడికి తొమ్మిదిమంది కొత్తవాళ్లు వస్తున్నారు. ఏటి ఇసుక రెండు గంపలు జల్లించి ఆరబెట్టాను. మొదటి రోజు తానూ వస్తానన్నారు మాస్టారు.